సముద్రం వైపున్న కన్నం

ఆ రోజుల్లో చరిత్ర చెప్పాలంటే సగం పుస్తకమైనా చదవాల్సి వచ్చేది. ఇప్పుడు భీమిలిలో కూలిన ప్రతి గోడ ముందూ ఫోనొకటి ఎత్తిపట్టి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేస్తున్నారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. (మండే హక్కు నాకుందా అంటారా, ఆ సంగతే చెప్పబోతున్నాను.) ఎనిమిదో తరగతిలో బడి మానేసి పోర్టులో కళాసీగా చేరినవాణ్ణి. అద్దెపుస్తకాల కొట్లో దొరికిన కోటల పుస్తకం ఒకటి, వెనక సగం చెదలు తినేశాయి, చదివి పండితుణ్ణయిపోయాను. ఒక ఆదివారం మా గ్యాంగులో ముగ్గుర్ని పోగేసి, ఎక్కడికో చెప్పకుండా, పులిహోర కేరియరుతో భీమిలి బస్సెక్కించాను. అక్కణ్ణించి ఒడ్డు వెంట గంట నడిస్తే, పాత తుపాను తర్వాత జనం వదిలేసిన పల్లె ఒకటుంది. ఇసుక ఇళ్ళను మెడదాకా మింగేసింది. "ఎడారి సూడ్డానికి రాజస్థాన్ ఎల్లక్కర్లేదు" అన్నాను, ఆ ఇసుకంతా నేనే మోసి పోసినట్టు.

ఆ ముగ్గురిలో నల్లబావ చేపల వేటకెళ్ళే కుటుంబం వాడు. బస్సులో పాటలు పాడినవాడు ఆ ఇసుకలో అడుగుపెట్టగానే నోరు మూసుకున్నాడు. ఎండ తగిలిందనుకుని మంచినీళ్ళిచ్చాను. ఇసుకలోంచి మందపాటి గోడ ఒకటి లేచి ఉంది, దానికి సముద్రం వైపు జానెడు కన్నం. ఇది డచ్చివాళ్ళ కోట, ఇది తుపాకీ పెట్టే కన్నం, ఈ మసి తుపాకీ మందుదని ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"తుపాకీ కాదు బావా, దీపం" అన్నాడు నల్లబావ. "ఏటకెల్లినోల్లకి ఒడ్డు తెలీడానికి ఆడోల్లు ఎట్టీవోరు."

"నీకేటి తెల్సు? పుస్తకంలో బొమ్ముంది, సూడు."

మిగతా ఇద్దరూ మా మొహాలు మార్చి మార్చి చూస్తున్నారు. నల్లబావ కన్నంలో వేలు పెట్టి, అంటిన మసిని కాసేపు చూసుకున్నాడు. "కోటేలే బావా. నువ్వు సదూకున్నోడివి."

గెలిచాను. ఊరుకున్నానా, మేకుతో ఆ గోడ మీద నా పేరు చెక్కి మరీ వచ్చాను.

నెల తిరక్కుండా నల్లబావ ఇంటికి భోజనానికి వెళ్ళి, వాళ్ళ నాన్నకి ఈ ప్రతాపమంతా చెప్పాను. ముసలాయన విని, "కన్నం కింద ఇటికొకటి ఊడుంటాది, సూసేవా బాబు?" అన్నాడు. ఊడే ఉంది. "ఆ గోడ నానే కట్టేను. తుపాను నాడు మేం ఏటలో ఉన్నాం. మేవొచ్చేదాకా దీపం ఆరనియ్యనని మాయావిడ ఇల్లు కదల్లేదంట. ఒచ్చేం. గోడుంది."

నల్లబావ నా కంచంలో ఇంకో చేప ముక్క వేసి, "తిను బావా, సల్లారిపోతాది" అన్నాడు.

ఆ తర్వాత నల్లబావ బతికినన్నాళ్ళూ నన్ను ఎవరికి చూపించినా "మా ఇంటిని కోట సేసినోడు" అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి. క్షమించమని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అతను పోయాక, కనీసం పేరైనా చెరిపేద్దామని మేకు పట్టుకుని వెళ్ళాను. గోడను ఇసుక పూర్తిగా కప్పేసింది. ఆ తల్లి దీపం పెట్టిన చోట నా పేరు ఇప్పటికీ భద్రంగా ఉండే ఉంటుంది, గుండ్రటి అక్షరాల్లో, ఒక్క తప్పు లేకుండా.