నూట పదమూడు దగ్గర ఆగిపోయాను

నా పొగరు గురించి చెప్పాలంటే ముందు ఒక సంఖ్య గురించి చెప్పాలి. 1234567. డెబ్బైల్లో నేను మదనపల్లె నుంచి రోజూ బస్సులో పుంగనూరు వెళ్లి ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఒకరోజు ఈ సంఖ్యను బోర్డు మీద రాసి, ఒకటీ, తానూ తప్ప దీన్ని శేషం లేకుండా భాగించేది ఏదీ లేదని, ఇది ప్రధాన సంఖ్యేనని గొప్పగా చెప్పాను. ముందురోజు ఇంట్లో రెండు నుంచి నూట పదమూడు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను. దేనితోనూ పోలేదు. నిజానికి దాని వర్గమూలం దాకా, అంటే పదకొండు వందల పదకొండు దాకా చూడాలి. ఆ సూత్రం పిల్లలకు వల్లె వేయించేదాన్ని నేనే. చేయి నొప్పి పుట్టి ఆపేశాను.

మర్నాడు గొర్రెలు మేపే ఇంటి పిల్ల ఒకతె నోటుబుక్కు తెచ్చి చూపించింది. 127తో పోతుందట, 9721 వస్తుందట. క్లాసంతా నా మొహం చూసింది. నాకు ఒళ్లు మండింది. నోటుబుక్కు వంక సరిగా చూడనైనా లేదు.

"గుణకారమే రాని దానికి కాంపోజిట్ లెక్కలు యాల?" అన్నాను.

ఆ రోజుల్లో తొమ్మిదిలో కాంపోజిట్ లెక్కలు తీసుకున్నవాళ్లకే కాలేజీలో సైన్సు చదువు. జనరల్ లెక్కలవాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే. ఎవరికి ఏ లెక్కలో రాసిచ్చేది నేనే. ఆ మధ్యాహ్నమే ఆ పిల్ల పేరు పక్కన జనరల్ అని రాసి హెడ్మాస్టరుకు జాబితా ఇచ్చేశాను.

సాయంత్రం బస్సులో మనసు ఊరుకోక పాత ప్రశ్నపత్రం వెనక భాగించి చూశాను. చివరికి పన్నెండు మిగిలింది. పైనుంచి ఏడు దించితే సరిగ్గా 127. శేషం సున్నా. నూట పదమూడు తర్వాత వచ్చే ప్రధాన సంఖ్యే అది. ఇంకొక్కటి చూసుంటే చాలు.

పొద్దున్నే వెళ్లి జాబితా దిద్దొచ్చు. కానీ దిద్దితే ఎందుకో చెప్పాలి. నాకు నోరు రాలేదు. క్లాసులో ఆ సంఖ్య ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఎనభైల్లో పరీక్షల డ్యూటీకి కుప్పం వెళ్లాను. అది అయ్యాక బెంగళూరులో చెల్లెలి ఇంటికని స్టేషనుకొస్తే, టమోటా గంపల పక్కన కూర్చున్న ఒకామె "టీచరమ్మా" అంటూ లేచి నిలబడింది. ఆ పిల్లే. పదితో చదువు ఆపేసిందట. కొంగుతో బెంచీ తుడిచి నన్ను కూర్చోబెట్టింది. ఆ మర్యాదకు నాకు తల తీసేసినట్టయింది. ఇక దాచుకోలేకపోయాను.

"ఆ పొద్దు నువ్వు చేసిందే సరి. తప్పు నాది."

ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు టీచరమ్మా. ఇంటికి పోయి మళ్లా గుణించి సూసుకున్నా. మీరూ సూసుంటారు, పిలిచి సెప్తారని ఆ ఏడాదంతా సూస్తానే ఉన్నా."

రైలొచ్చింది. గంపకు ఒక చేయి వేయబోతే, చీర మాసిపోతుందని నన్ను వద్దంది.