ఫిన్ కింద రెండక్షరాలు

ఈ ఉదయం షెడ్డులో ఒక పాత కైట్‌బోర్డును బల్ల మీదికి ఎత్తి, బోర్లా తిప్పి, అడుగున ఉన్న మరలు విప్పాను. సముద్రపు ఉప్పు పట్టిన మరలు ఒక పట్టాన కదలవు. మూడోది కిర్రుమంటూ ఊడేసరికి లోపల ఇన్నేళ్లుగా మూసుకుపోయి ఉన్న వాసన ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఉప్పు, రెజిను, వాటి అడుగున ఎప్పుడో కోసిన కర్ర వాసన. ఆ కర్ర వాసన తగలగానే నాకు మా వడ్రంగి సత్తయ్య బాపు గుర్తొచ్చారు. ఫిన్ కూర్చునే చిన్న పలకను ఎత్తి చూస్తే, వార్నిషు కింద పెన్సిలు అక్షరాలు రెండూ అలాగే ఉన్నాయి. ఒకటి ‘ల’, సన్నగా, నాది. పక్కన ‘స’, మందంగా, ఆయనది. మా షెడ్డు పద్ధతి ప్రకారం అక్కడ ఒక్క అక్షరమే ఉండాలి. రెండోది ఎలా వచ్చిందో నాకూ, మా ప్రసాద్ గారికీ తప్ప ఇప్పుడెవరికీ తెలియదు. తెలిసిన మూడో మనిషి పోయిన ఏడాది కాలం చేశారు.

కైట్‌బోర్డు చూడనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. మనిషి పొడుగుకు కాస్త తక్కువగా ఉండే పలక అది. దాని మీద నిలబడి, గుడారమంత గాలిపటాన్ని నడుముకు కట్టుకుంటే, గాలి ఆ పటాన్ని లాగుతుంది, పటం మనిషిని నీళ్ల మీద లాగుతుంది. పలక అడుగున చేప రెక్కల్లాంటివి ఉంటాయి, వాటినే ఫిన్లంటారు. నీటిని పట్టుకునేవి అవే. వీటిని తయారుచేసే మా షెడ్డు కొత్వాల్‌గూడలో ఉంది. తల మీద విమానాలు చక్రాలు దించుకుని పోతుంటాయి కాబట్టి ఇక్కడ అంత పటం ఎగరేస్తే సాయంత్రానికి కటకటాల వెనక ఉంటాం. హిమాయత్‌సాగర్ పక్కనే ఉంది గానీ, అది తాగే నీరు, దిగనివ్వరు. పటం ఎగరేయకూడని చోట, నీళ్లలో దిగకూడని చోట కూర్చుని మేము కైట్‌బోర్డులు చేస్తాం. మా అమ్మ మామిడిపల్లిలో అందరికీ నేను ఎయిర్‌పోర్టులో పని చేస్తున్నానని చెప్పేది. వివరించడం కంటే అదే సులువు మరి.

ప్రసాద్ గారిది విశాఖపట్నం. యజమాని ఆయనే. డిప్లొమా చదివి కొలతలు, గీతలు చూసుకోవడానికి చేరినదాన్ని నేను. కర్ర పనంతా సత్తయ్య బాపుది. కందుకూరు వైపు వడ్రంగి. నలభై ఏళ్లు నాగళ్లు, గొర్రులు చేసిన మనిషి. ట్రాక్టర్లు వచ్చి ఆ పని పోయాక కొన్నాళ్లు తలుపులు చేసి, చివరికి మా దగ్గర తేలారు. సముద్రం చూడలేదు. చూడాలన్న తొందర కూడా ఉన్నట్టు కనిపించేది కాదు. మొదటి రోజు నేను చేతిలో ఫిన్ పెట్టి ఇది ఫిన్ అని చెబితే, వేలితో దాని అంచు తడిమి, ఇది నాగలి కర్రు గదా అన్నారు. ఇక ఆ షెడ్డులో ఫిన్ అన్నది నేనూ, ప్రసాద్ గారూ మాత్రమే.

సత్తయ్య బాపు తీసుకొచ్చిన పద్ధతి ఒకటుంది. ఏ పనిముట్టు చేసినా, బిగింపు లోపల కనపడని చోట ఒక పేరు రాయాలి. కోసినవాడి పేరు కాదు, కొలిచినవాడిది. “కోసినోడి చెయ్యి గీత మీదనే పోతది బిడ్డా. గీత గీసినోడే జిమ్మేదారు” అనేవారు. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నారట. మా బోర్డుల్లో ఫిన్ పలక కింద నా ‘ల’ అలా వచ్చి కూర్చుంది. మొదట్లో గొప్పగా ఉండేది. చిత్రకారుల సంతకంలా అనుకునేదాన్ని. ఆ అక్షరం మెప్పు కోసం కాదు, రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి అని నాకు తెలిసేసరికి బాగా ఆలస్యమైంది.

బోర్డు ఆకారాల గురించి నేను పుస్తకాల్లో చదివి చెబితే, ఆయన వాటిని చేలోకి తీసుకెళ్లేవారు. వెడల్పుగా, అడుగు చదునుగా, అంచులు తిన్నగా ఉన్న బోర్డు కదలని నీళ్ల మీద తొందరగా లేస్తుంది, గాలి తక్కువున్నా నడుస్తుంది. కానీ నీరు చిన్న చిన్న అలలతో గతుకులు గతుకులుగా ఉన్నప్పుడు ఆ చదునే టపటపా కొట్టి మోకాళ్లను వాయిస్తుంది. అలాంటి నీళ్లకు వెడల్పు తగ్గించాలి, ముక్కు పైకి లేపాలి, అడుగున కాస్త పల్లం తీయాలి. ఒక పక్కకు ఒరిగి పెద్ద వంపు తిరగాలంటే అంచు గుండ్రంగా రావాలి. ఇదంతా విని, రోడ్డు మీద బండికీ దుక్కి చేలో బండికీ ఒకటే చక్రం పనికిరాదని ఆయన తేల్చేశారు. నాకు నాలుగు రోజులు పట్టిన విషయం. ఫిన్ల దగ్గర మాత్రం చాలాసేపు ఆలోచించారు. పెద్దవైతే పట్టు ఎక్కువ, తిరగడం కష్టం. చిన్నవైతే తిరుగుతుంది గానీ జారిపోతుంది. “గెట్టు కాడ నాగలి తిప్పాల్నంటే కర్రు లేపుతం. నీళ్ల మీద లేపేటోడెవడు? అది లోపట ఉండంగనే తిరగాలె” అన్నారు. పుస్తకంలో మూడు పేజీలున్న సంగతి అంతే.

మా షెడ్డు వెనక ఒకరి పొలం, అందులో బోరు. బోరు నీళ్లు సిమెంటు తొట్టి దాటి కాలువలోకి దూకే చోట ఆయన ప్రయోగశాల. మూరెడు చెక్కకు ఫిన్లు కొట్టి, ఆ ధారలో పెట్టి అరచేత్తో పట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఒకరోజు రెండు చెక్కలు చేశాం. మధ్య ఫిన్ వెనక, దానికి ముందు రెండు పక్కలా చెరొకటి. ఒక చెక్కకు ఆ పక్క ఫిన్లను తిన్నగా, ఒకదానికొకటి సమానంగా బిగించాం. రెండోదానికి వాటి ముందు కొసలను గోరంత లోపలికి, ముక్కు వైపు వంచాం. మొదటి చెక్క ధారలో బుద్ధిగా నిలబడింది. రెండోది మణికట్టు కాస్త ఒరిగితే చాలు, చేతిని తనతో పాటు తిప్పింది. ఆయన నవ్వి, ఇది తిరుగుతానని బతిమాలుతున్నదన్నారు. ఆ గోరంత వంపే ప్రాణమని ఆ మధ్యాహ్నం మా ఇద్దరికీ చేతికి తెలిసింది. అందుకే తరవాత జరిగినదానికి తెలియక చేశాననే సాకు నాకు లేదు.

రామేశ్వరం వైపు కైట్‌బోర్డింగ్ నేర్పే బడి ఒకటి మమ్మల్ని మూడు ఫిన్ల బోర్డు అడిగింది. గతుకుల నీళ్లలో నడవాలి, వంపులు బాగా తిరగాలి. నచ్చితే ఆ సీజన్ బోర్డులన్నీ మావే. బోర్డు పంపాల్సిన రోజు పొద్దున ఫిన్ల గీతలు నేను గీయాలి. నా కోణాల అట్ట ఎక్కడో పెట్టి మరిచాను. బల్ల మీద సత్తయ్య బాపు పాత బద్ద ఉంది, గొర్రు పళ్లకు దూరం చూసుకునే బద్ద. విత్తనాల గొర్రుకు పళ్లన్నీ సమానంగా, తిన్నగా ఉండాలి, లేకపోతే సాళ్లు వంకర పోతాయి. ఆ బద్దను రెండు పక్కలా ఆనించి రెండు గీతలు గీసేశాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా వచ్చాయో. మా నాన్న విత్తిన చేనులా ఉన్నాయి. రైతు బిడ్డ కన్ను వంకర సాలును ఓర్చుకోలేదు కాబోలు, ఆ తిన్నని గీతల్లో తప్పుందని నా కంటికి తోచనే లేదు. పలక కింద ‘ల’ అని రాశాను. ఆయన ఒక క్షణం గీతల వైపు చూసి, నా వైపు చూసి, రంధ్రాలు వేశారు.

పది రోజులకు ఫోను వచ్చింది. అక్కడ నేర్పే అమ్మాయి బోర్డు ఎక్కిందట, గతుకుల్లో వెన్నలా నడిచిందట. కానీ ఒడ్డు దగ్గర తిప్పబోతే తిరగక, తిన్నగా రాళ్ల దాకా పోయింది. మోకాలు గీరుకుంది, అంతకంటే ఏమీ కాలేదు. ప్రసాద్ గారు కేకలు వేసే మనిషి కాదు. “పక్క ఫిన్లు తిన్నగా ఉన్నాయంటున్నారు లలితా. ఎలా జరిగిందంటావు?” అని అడిగారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబులోని పెన్సిలు మీదికి పోయింది. నోరు మాత్రం వేరే దారి పట్టింది. బాపు గొర్రు అలవాటుకొద్దీ తిన్నగా బిగించినట్టున్నారు సార్ అన్నాను. బాపు నా వెనకే కూర్చుని ఉలి నూరుతున్నారు. నూరడం ఆగింది. “అయ్యుంటది సార్. గొర్రు చేసిన చేతులు” అన్నారు. మళ్లీ నూరడం మొదలైంది. ఇకనుంచి ఫిన్ల పని లలిత చూసుకుంటుంది, మీరు కర్ర పని చూడండి చాలని ప్రసాద్ గారు మర్యాదగానే చెప్పారు. బాపు లేచి, డ్రిల్లు పెట్టెను తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు.

ఆ తరవాతి ఎనిమిది రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. బాపు మారకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. మధ్యాహ్నం ఎప్పటిలాగే తన డబ్బాలోని మామిడి తొక్కు నా అన్నం పక్కన వేసేవారు. వద్దనడానికి మొహం చెల్లక తినేదాన్ని. ఆయన తిట్టి ఉంటే నేను నిజం ఒప్పేసుకునేదాన్నని ఎన్నాళ్లో అనుకున్నాను. ఇప్పుడు అది కూడా తప్పును ఆయన మీదికి నెట్టడమేననిపిస్తుంది. తిట్టాల్సిన బాధ్యత కూడా ఆయనదేనా?

బోర్డు వాపసు వచ్చింది. రేపు పదింటికి విప్పి చూద్దామని ప్రసాద్ గారన్నారు. విప్పితే పలక కింద ‘ల’ ఉంటుంది. కొలిచింది ఎవరో ఆ ఒక్క అక్షరం చెప్పేస్తుంది. మర్నాడు ఏడింటికే షెడ్డు తాళం తీశాను. ఎందుకని మీరు అడగకముందే చెబుతాను, గరుకు కాగితంతో నా అక్షరం గీకేయడానికి. నిజం చెప్పడానికి వెళ్లానని రాయాలని చాలా ఉంది. మరలు విప్పి పలక ఎత్తాను. నా ‘ల’ పక్కన ‘స’ ఉంది. వడ్రంగి వెడల్పు పెన్సిలుతో, ఒత్తి రాసినది. ముందు రోజు నేను ఇంటికి వెళ్లాక ఆయన దాన్ని విప్పారన్నమాట. నా అక్షరాన్ని చెరపలేదు. దాని పక్కన తనది రాసి, మళ్లీ బిగించి వెళ్లారు.

గరుకు కాగితం చేతిలో ఉండగానే ఆయన లోపలికి వచ్చి, అన్నం సంచి మేకుకు తగిలించారు. కాగితాన్ని చూశారు. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఎందుకు రాశావు బాపు, కొలిచింది నేను గదా అన్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“నువ్వు కొలిచినవ్. నేను చూసిన. సీదాగ ఉన్నయని కండ్ల వడ్డది. సదువుకున్న పిల్ల, ఎరుకై ఉంటదని ఊకున్న. చూసి ఊకున్నోడు గూడ కొలిచినట్టే బిడ్డా.”

కాగితం వైపు చెయ్యి చూపించి అన్నారు. “గీకుతానంటే గీకు. కర్ర పల్చబడ్తది, గంతే.”

నేను గీకలేదు. పదింటికి ప్రసాద్ గారు వచ్చాక, గీత గీసింది నేనేనని, బాపు మీద అబద్ధం చెప్పింది కూడా నేనేనని చెప్పాను. చెప్పాక ఆకలేసింది, విచిత్రంగా. ఆయన రెండక్షరాలూ చూశారు. “మీ ఇద్దరిలో ఎవరిది ఎంత తప్పో నేను తేల్చలేను. ఇద్దరూ కలిసి సరిచేయండి” అని, డ్రిల్లు పెట్టెను తన చేత్తోనే సత్తయ్య బాపు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

పాత రంధ్రాలు పూడ్చాం. నేను కోణం గీశాను, బాపు చూశారు. మళ్లీ చూడమన్నాను, మళ్లీ చూశారు. గోరంత లోపలికి. రెండక్షరాల మీద వార్నిషు పూసి మూసేశాం. రెండు వారాలకు ఆ అమ్మాయి ఫోనులో వీడియో పంపింది. గతుకుల నీళ్ల మీద బోర్డు ఒరిగి, వెనక తెల్లని వంపు గీసుకుంటూ తిరిగింది. బడివాళ్లు బోర్డులు మా దగ్గరే తీసుకుంటామన్నారు గానీ, బాపు అది అడగలేదు. వీడియోను మూడుసార్లు చూసి, నురుగు గీత మీద వేలు పెట్టారు.

“నా బతుకంత వంకర సాలు పడొద్దనే చూసిన. గింత మంచిగుంటదని ఎరుకలే” అన్నారు.

ఈ ఉదయం నా బల్ల మీదున్నది ఆ బోర్డే. బడివాళ్లు ఫిన్లు బిగించే గూళ్లు కొత్తవి వేయమన్నారు. కొత్త గూళ్లకు ఆ కర్ర కోసేయాలి, అక్షరాలు రెండూ పోతాయి. ఆ ముక్కను జాగ్రత్తగా కోసి ఇంటికి తీసుకుపోదామా అనిపించింది, ఒప్పుకుంటాను. కానీ దాచుకోవడానికి రాసినవి కావవి. కోశాను. పొట్టు బల్ల కింద పడింది. ఆ వాసన మళ్లీ ఒకసారి వచ్చి పోయింది.

కొత్త గీతలు గీశాక పక్క బల్ల దగ్గర పనిచేసే అనితను పిలిచాను. ఆమె నా గీతలు చూసి ఎప్పుడూ బాగున్నాయనే అంటుంది. ఈసారి కోణాల అట్ట ఆమె చేతిలో పెట్టి, నన్ను చూడకు, గీత చూడమన్నాను. కొంచెం మొహమాటపడి, ఎడమది వెంట్రుకంత తక్కువ వంగిందక్కా అంది. కొలిచి చూస్తే నిజమే. సరిచేశాను. పలక కింద ‘ల’ రాసి, పెన్సిలు ఆమెకిచ్చాను.