బొగ్గు బోరుకు బిగించిన వాల్వు

నాంచారమ్మ కొంగున తాళంచెవులు ఉండవు. అరచేయంత ఇనుప చక్రం ఒకటి ఉంటుంది. ఊళ్లో చాలామంది ఆమెతో మాట్లాడటం మానేసింది దాని వల్లే.

నూజివీడుకు ఉత్తరాన మాది మెట్ట ప్రాంతం. మా తోట గట్టుకు అవతల ఆమె తోట, అన్నీ చిన్నరసం మామిడిచెట్లే. ఏళ్లపాటు పరాయి తోటల్లో కాయలు కోసి, ఆ కూలితోనే కొనుక్కున్న ముక్క అది. కిందటేడు చలికాలంలో బొగ్గు ఉందేమో చూడటానికి ఒక కంపెనీ ఆ తోటలో బోరు వేసింది. వాళ్ల జియాలజిస్టు తరుణ్ లోపలినుంచి తీసిన రాతి కడ్డీలను చెక్కపెట్టెల్లో వరసగా పేర్చేవాడు. నేనూ నాంచారమ్మా చూడబోతే ఓపికగా చెప్పాడు. పైన ఎర్ర గరప, దాని కింద నల్లటి బంకరాయి, ఆ కింద బొగ్గు, ఇంకా కింద తెల్లటి ఇసుకరాయి. ఎగువ కొండల్లో పడ్డ వాన ఆ ఇసుకరాయిలో ఇంకి మా వైపు జారి వస్తుందట. పైన బంకరాయి మూతలా ఉండటంతో పైకి రాలేక ఒత్తిడితో ఉంటుందట.

ఆ నీళ్లకు దారి వాళ్లే చేశారు. బోరులోంచి మోటారు లేకుండానే నీళ్లు పొంగాయి. సిమెంటుతో పూడ్చేవాళ్లు తర్వాత వస్తారని చెప్పి రిగ్గుతో వెళ్లిపోయారు. ఎవరూ రాలేదు.

ఊరికి పండగైంది. ఆడవాళ్లు గొట్టానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. పల్లంలో పొలమున్న వీరయ్య కాలువ తీసుకుని, మొక్కజొన్న మానేసి రెండో పంటగా దాళ్వా వరి వేశాడు. మెట్ట మీద దాళ్వా చూడటానికి పక్క ఊళ్లవాళ్లు బైకుల మీద వచ్చారు.

నాంచారమ్మ తన బావిలోకి చూస్తుండేది. బావి అడుగున ఎప్పుడో వేయించిన బోరు కూడా ఆ ఇసుకరాయిలోకే దిగింది. పాత నీటిచార పైన ఉండిపోయింది, నీళ్లు కిందికి పోతున్నాయి. ఇంకా దిగితే చెట్టున కాయ నిలవదు. ఆ మాట అంటే ఊళ్లో నవ్వారు. పొంగే నీళ్లకూ ఆమె బావికీ సంబంధమేంటన్నారు. ఫోన్ చేస్తే తరుణ్ ఆమె అనుమానం నిజమేనన్నాడు. పూడ్చమని పైవాళ్లకు చెప్పానని, వాళ్లు కదలడం లేదని నసిగాడు.

ఆమె ఇక ఎవరినీ అడగలేదు. హనుమాన్ జంక్షన్ వెళ్లి, లారీ షెడ్ల దగ్గర వెల్డింగువాడి చేత సరిపడే వాల్వు చేయించుకుని, గోనెసంచిలో వేసుకుని బస్సెక్కింది. తెరిచిన వాల్వును గొట్టానికి బిగించాక చక్రం తిప్పింది. పొంగు ఆగింది. కాసేపటికే జనం పోగయ్యారు.

"గంగమ్మకి తాళం వేస్తావా అక్కా? పాపం తగులుద్ది," అన్నాడు వీరయ్య.

"బోరు నా తోటలో ఉంది తమ్ముడూ. పాపం కూడా ఇక్కడే పడుంటదిలే."

"నా వరి పొట్ట మీదుంది."

"కోతదాకా రోజు మార్చి రోజు వదులుతా. ఆ తర్వాత చుక్క వదలను. తాగడానికైతే బిందె తెచ్చుకోండి, పొద్దున్నే తిప్పుతా."

వెనకనుంచి ఎవరో సుత్తి తెమ్మన్నారు. ఆమె చక్రం ఊడదీసి కొంగున ముడేసుకుని, వాల్వుకు ఆనుకుని కూర్చుంది. చీకటి పడేదాకా లేవలేదు. సుత్తి రాలేదు.

ఆ ఏడు ఆమె తోటలో కోతకు కూలీలు రాలేదు. మా ఇంటివాళ్లం, ఆమె కలిసి కోశాం. అప్పటికి బావిలో నీళ్లు పాత చారను తడుపుతున్నాయి. వరి కోత అయ్యాక వీరయ్య తన బావిలోకీ తొంగిచూసుకున్నాడు. అందులోనూ నీళ్లు పైకెక్కాయి. మర్నాడు కాలువ పూడ్చేసుకున్నాడు.

ఈ వేసవిలో తరుణ్ మళ్లీ వచ్చాడు. నాంచారమ్మ చెట్టు కింద కాయలు ఏరుతోంది. ఇక్కడ గని రావచ్చని, ముందు జనాన్ని పిలిచి మీటింగు పెడతారని చెప్పాడు. బొగ్గు తీయాలంటే ఆ ఇసుకరాయి నీళ్లను ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు తోడిపోయాలట.

"అప్పుడు మీ వాల్వు పనిచేయదండీ," అన్నాడు తల దించుకుని.

ఆమె చేతిలో కాయ బుట్టలో పెట్టింది.

"ఈ ఒక్క గొట్టం కోసమే ఊరంతటితో పడ్డాను బాబూ. మీ గనిని ఊరికే వదులుతానా? మీటింగు ఎప్పుడో చెప్పు."

పల్లం వైపు గట్టు అవతలినుంచి వీరయ్య గొంతు వినిపించింది. ఆమె ఉన్నచోట అతను నోరు విప్పి ఏడాది దాటింది.

"రోజు ఇటు కూడా చెప్పు బాబూ. అక్కని నా బండి మీద తీసుకొస్తా."

నాంచారమ్మ తల తిప్పలేదు.

"ముందు ఆ బండిలో పెట్రోలు పోయించుకోమను," అంది.