వెనక చక్రం ఎక్కడుంది?

సూర్యాపేట బస్టాండు దగ్గర ఆటో నడిపే జానయ్యది తుంగతుర్తి వైపు ఊరు. ఇంట్లో అందరూ గొర్లు కాసినవాళ్లే. అతనొక్కడే మందను వదిలి ఆటో పట్టాడు. పన్నెండేళ్లలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించలేదని గొప్పగా చెప్పుకునేవాడు. ‘తాగి నడిపేటోళ్లు’ అనే మాట అతని నోట ఎప్పుడూ వేరేవాళ్ల గురించే వచ్చేది. బ్రాందీ, విస్కీ అతను ముట్టడు. కల్లు తాగుతాడు. కానీ కల్లును తాగుడు అనుకోలేదు. వాళ్లింట్లో ఎవరూ అనుకోలేదు.

2009 ఏప్రిల్‌లో, కోదాడ దగ్గర అనంతగిరిలో చుట్టాలింట్లో దినాలు జరిగాయి. జానయ్య తన అత్త నాంచారమ్మను ఆటోలో తీసుకుపోయాడు. భార్య నవనీత ఇంటి దగ్గరే ఉండిపోయింది. భోజనాలకు ముందు తాటికల్లు పోశారు. మూడు గ్లాసులు తాగి, అన్నం తిని, మధ్యాహ్నం రెండింటికి బయలుదేరాడు.

కోదాడ దాటి హైవే మీద కొంత దూరం వచ్చాక నాంచారమ్మ, “జానయ్యా, కడుపుల తిప్పుతున్నది. జర ఆపు,” అంది. ఆపాడు. సీసాలో నీళ్లు లేవు. అవతల టీకొట్టు కనిపిస్తే సీసా పట్టుకొని అటు నడిచాడు. నీళ్లు నింపుకుంటుండగానే వెనక పెద్ద చప్పుడైంది. తిరిగి చూస్తే ఆటో బోర్లా పడి ఉంది. దాన్ని గుద్దిన జీపు కాస్త ముందుకు పోయి ఆగింది. నాంచారమ్మ మట్టిలో పడి అరుస్తోంది.

జీపు డ్రైవరు వెంకటనర్సయ్య కోదాడ మనిషి. పారిపోలేదు. తనే ముసలమ్మను జీపులోకి ఎత్తి దవాఖానకు తెచ్చాడు. తుంటి ఎముక విరిగిందన్నారు.

దవాఖాన నుంచి నేరుగా జానయ్య ఫిర్యాదు ఇవ్వడానికి పోలీసు స్టేషనుకు పోయాడు. అతను నోరు తెరవగానే ఎస్సై కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“ఏం తాగినవ్?”

“ఏం తాగలే సార్. కల్లు.”

కానిస్టేబుల్ చిన్న మెషీను తెచ్చి గొట్టం నోటికి పెట్టాడు. జానయ్య ఊదాడు. మెషీను మీద అంకె వచ్చింది.

“డెబ్బై రెండు,” అన్నాడు కానిస్టేబుల్.

“నూటికా సార్?” జానయ్యకు బడి మార్కులు గుర్తొచ్చాయి.

“నూరు మిల్లీలీటర్ల రక్తంల ముప్పై మిల్లీగ్రాములు దాటొద్దు. నీది డెబ్బై రెండుంది. కల్లా, బ్రాందీనా అని మెషీన్ అడగది.”

“గుద్దింది ఆయన గదా సార్. నేను బండిల గూడ లేను. నీళ్లకు పోయిన.”

“గక్కడిదాక బండి ఎవరు నడిపిన్రు?”

“నేనే.”

“మరి?”

వెంకటనర్సయ్యనూ ఊదమన్నారు. సున్నా వచ్చింది. చివరికి రెండు కేసులు రాశారు. అజాగ్రత్తగా నడిపి గాయపరిచాడని వెంకటనర్సయ్య మీద ఒకటి. తాగి బండి నడిపాడని జానయ్య మీద ఇంకొకటి. పదో తరగతి చదివిన నవనీత ఇంట్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూసింది.

“గీ కాగితంల నువ్వు నష్టపోయినోనివి. గా కాగితంల నువ్వే ముద్దాయివి. మా అమ్మకు నేనేం చెప్పాలె?”

జానయ్య కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నెల తర్వాత కోదాడ కోర్టులో జానయ్య పేరు పిలిచారు. తాగి నడిపావా అని మేజిస్ట్రేటు అడిగాడు. కల్లు సంగతి చెప్పబోతే, అవునో కాదో చెప్పమన్నాడు. అవునన్నాడు జానయ్య. మొదటిసారి కాబట్టి జరిమానా, కోర్టు లేచేదాకా ఖైదు, ఆరు నెలలు లైసెన్సు రద్దు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు ఉంటుందని కూడా చెప్పారు.

జరిమానా కట్టి, వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరెవరివో కేసులు వచ్చాయి, పోయాయి. ఐదింటికి జడ్జి లేచి లోపలికి వెళ్లిపోయాడు. బంట్రోతు ఫ్యాన్లు ఆపాడు.

జానయ్య కానిస్టేబుల్ దగ్గరికి పోయి, “సార్, నన్ను జైలుకు ఎప్పుడు తీస్కపోతరు?” అని అడిగాడు.

“నీ శిక్ష ఐపోయింది. ఇంటికి పో.”

పొద్దున్నుంచి తాను ఖైదులో ఉన్నానని అతనికి అప్పుడు అర్థమైంది. సరిగ్గా అర్థమైందని కూడా చెప్పలేం. ఇంటికి పోయాక నవనీత జైలు ఎలా ఉందని అడిగితే, “బెంచీ మీద కూసున్న,” అన్నాడు. ఆమె నమ్మలేదు.

అసలు శిక్ష తర్వాత మొదలైంది. లైసెన్సు లేకుండా ఆటో ముట్టుకోవద్దు. ఆ ఆరు నెలలూ మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో బస్తాలు మోశాడు. పదిహేను రోజులకోసారి ఇంటికొస్తే నాంచారమ్మ మంచంలోంచే, “వచ్చినవా అల్లుడా,” అనేది. ఆ ఒక్క మాటలో కోపముందో, ప్రేముందో అతనికి అంతుచిక్కేది కాదు. తిట్టినా బాగుండుననిపించేది.

మిల్లులో బస్తా భుజాన ఉన్నప్పుడు ఒకటే ఆలోచన. ఆటోను రోడ్డు దించి ఆపానా? మొత్తం దించానా? ఒకరోజు వెనక చక్రాలు రెండూ మట్టిలో కనిపించేవి. మరుసటి రోజు కుడి చక్రం తారు మీద కనిపించేది. రెండూ అంతే స్పష్టంగా కనిపించేవి.

2011లో వెంకటనర్సయ్య కేసు విచారణకు వచ్చింది. జానయ్యే ముఖ్యమైన సాక్షి. బండి మొత్తం మట్టిలోనే ఉందని చెప్పమని చుట్టాలంతా నేర్పించారు. బోనెక్కేదాకా అదే చెబుదామనుకున్నాడు.

వెంకటనర్సయ్య తరఫు వకీలు లేచాడు. “ఆ రోజు తాగి నడిపినట్టు ఇదే కోర్టులో ఒప్పుకున్నావు కదా?”

“ఒప్పుకున్న సార్.”

“ఆటో వెనక చక్రం రోడ్డు మీద ఉందా, మట్టిలో ఉందా?”

జానయ్య నోరు తెరిచాడు. బెంచీ మీద నవనీత అతన్నే చూస్తోంది. “ఎరుకలేదు సార్,” అన్నాడు. “ఒక్కోపారి గట్ల యాదికొస్తది, ఒక్కోపారి గిట్ల.”

వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. ఇంకో సాక్షి, టీకొట్టతను, అప్పటికే ఊరు వదిలి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు, నేరం రుజువు కాలేదని కేసు కొట్టేశారు.

తీర్పు రోజు కోర్టు గేటు దగ్గర వెంకటనర్సయ్య అతని వెంటబడి వచ్చాడు. “పెద్దమ్మగారికి ఎట్లా ఉందండీ?”

“కట్టె పట్కొని నడుస్తున్నది.”

“నాకూ సరిగ్గా తెలీదు జానయ్యా. ఎదురెండ. అద్దంలో అంతా తెల్లగా ఉంది. మీ ఆటో రోడ్డు మీదుందో, నా జీపే పక్కకు దిగిందో... గెలిచానంటున్నారు మావాళ్లు.”

టీ తాగుదామా అని వెంకటనర్సయ్య అడిగాడు. తాగకుండానే విడిపోయారు.

ఇంటికొచ్చి కేసు కొట్టేశారని చెప్పగానే నవనీత ఏడ్చింది. “మట్టిల ఉన్నదని ఒక్క మాట అంటే నీదేం పోయేది?”

నాంచారమ్మ గోడకు ఆనుకొని వింటోంది. “ఆపుమన్నది నేను గదా,” అంది. “నేను గూడ సూడలే, ఏడ ఆపినవో. తెల్వంది తెల్వదనే అన్నడు. ఊకో బిడ్డా.” తర్వాత అల్లుడి వైపు తిరిగి, “అయినా తాగకపోతే తెలుస్తుండె గదా,” అంది. రెండున్నరేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. జానయ్య తలూపాడు. ఏ మాటకు ఊపాడో చెప్పలేడు.

లైసెన్సు ఎప్పుడో తిరిగొచ్చింది. ఆటో మళ్లీ సూర్యాపేట వీధుల్లో తిరుగుతోంది. కల్లు మాత్రం మానేశాడు. ఒక పెండ్లిలో బావమరుదులు గ్లాసు నింపి ముందు పెట్టి, పోలీసులకు భయపడుతున్నావా అని నవ్వారు.

“పోలీసోళ్ల భయం కాదు,” అన్నాడు జానయ్య. “మల్ల ఏదన్న అయితే, ఏమైందో నాకైన తెలువాలె.”

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడు గ్లాసు తీసి పక్కవాడికిచ్చాడు.