బైండోవర్ బావగారు

అటుమొన్న పొద్దున్నే, ఇంకా పేపరు రెండో పేజీ తిప్పకముందే, గేటు దగ్గర మోటార్ సైకిలు ఆగింది. కొత్తగా వచ్చిన కానిస్టేబులు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. "తాతా, లోకల్ ఎలక్షన్లు గదా, బైండోవర్ లిస్టు పట్టుకుని తిరుగుతున్నాం. ఈ పేరాయనకి మీరే గదా జామీను?" అని మా వియ్యంకుడి పేరు చదివాడు. అవునన్నాను. "ఎల్లుండి పదింటికి తహసీల్దారు ఆఫీసుకి మనిషిని తీసుకురండి."

"మనిషి లేడు బాబూ."

"లేడంటే? ఊళ్ళో లేడా?"

"ఏ ఊళ్ళోనూ లేడు. పోయిన వానాకాలం పోయాడు."

అతను ఫైలు వంక చూశాడు, నా వంక చూశాడు. ఇద్దరిలో ఫైలునే ఎక్కువ నమ్మినట్టు కనిపించాడు. "లిస్టులో అయితే ఉన్నాడు తాతా" అని నోటీసు నా చేతిలో పెట్టి, సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. వరండాలోకి వెళతాను, మళ్ళీ లోపలికి వస్తాను. మా ఆవిడ రెండుసార్లు చూసి, మూడోసారి "ఏంది ఆ తిరుగుడు, కాలు కాలిన పిల్లి మాదిరి? కూర్చుని కాఫీ తాగండి" అంది. కాఫీ చల్లారిపోయింది.

పల్నాడు బయట పుట్టిన అదృష్టవంతులకు ఈ బైండోవర్ అంటే ఏమిటో చెప్పాలి. ఎన్నికలు దగ్గర పడగానే, ఎప్పుడో పాత కేసుల్లో పేరున్న వాళ్ళందరినీ పోలీసులు తహసీల్దారు ముందుకు తీసుకెళతారు. "నేను బుద్ధిగా ఉంటాను, గొడవ చెయ్యను" అని కాగితం మీద రాయించుకుంటారు. పక్కన ఒక పెద్దమనిషి జామీను సంతకం పెట్టాలి. మనిషి నేరం చేశాడని కాదు, చేస్తాడేమోనని. నేను కాలేజీ గడప తొక్కిన వాణ్ణి కాదు. ఒక ప్లీడరు గుమాస్తా చనిపోయినప్పుడు ఆయన ట్రంకుపెట్టెలోని పుస్తకాలు పాత కాగితాల వాడికి పోతుంటే అడ్డం పడి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకున్న చట్టం నాది. ఆ కొద్ది చదువుతో చెబుతున్నాను. చేసిన పనికి శిక్ష వేసే ప్రభుత్వానికి నేను తల వంచుతాను. చెయ్యని పనికి ముందే చెయ్యి పట్టుకునే ప్రభుత్వం అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. ఏ జెండా వాళ్ళు వచ్చినా ఆ లిస్టును మాత్రం భద్రంగా ఇంకో జెండా వాళ్ళకు అప్పజెప్పి పోయారు. అందులో వాళ్ళకు ఎప్పుడూ తగాదా రాలేదు.

ఇంతకీ మా బావగారి సంగతి. వియ్యంకులు ఒకరినొకరు బావగారూ అనుకోవడం మా వైపు రివాజు కాబట్టి అలాగే అంటాను. ఆయన రెంటచింతల దగ్గర ఒక రేకుల సినిమా హాల్లో ఆపరేటరు. ఆ ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. పైన రేకులు, లోపల బొమ్మ వేసే గది, ఆ గదిలో కార్బన్ కడ్డీల మంట. మే నెల మ్యాట్నీకి ఆయన బనీను పిండితే బక్కెట నిండేదని చెప్పేవాడు. మనిషి చానా మెత్తన. కోడిని కోస్తుంటే పక్కింట్లోకి వెళ్ళిపోయే రకం. రక్తం అంటే తెర మీద చూడ్డమే, అది కూడా రీలు తెగకుండా చూసుకునే హడావిడిలో సగమే చూసేవాడు. కథ మొత్తం చూసిన సినిమా ఒక్కటీ లేదనేవాడు. "నాకు అన్నిట్లో పన్నెండో రీలే గుర్తు బావగారూ, అక్కడ అందరూ కలిసిపోతారు" అని నవ్వేవాడు.

అలాంటి మనిషి పేరు లిస్టులోకి ఎలా ఎక్కింది? అక్కడే ఉంది నా అవస్థ అంతా.

మా ఊళ్ళో ఒక పంచాయతీ ఎన్నికల వేళ ఊరేగింపు ఏ వీధిలోంచి పోవాలన్న దాని మీద రాళ్ళు లేచాయి. ఆదివారం మిట్ట మధ్యాహ్నం. మా వైపు ఒకాయన చెయ్యి విరిగింది. సాయంత్రానికి పెద్దవాళ్ళంతా మా పెదనాన్న గారి అరుగు మీద చేరారు. రాయడం వచ్చిన వాణ్ణని నన్ను కూర్చోబెట్టారు. నాకు అప్పుడు పాతికేళ్ళు, అక్షరం ముత్యంలా ఉంటుందని పొగరు. రాళ్ళు విసిరిన వాళ్ళు నిజానికి ఏడెనిమిది మంది. కానీ మా ప్రాంతపు పద్ధతి వేరు. ఫిర్యాదులో పేర్లు ఎక్కిస్తారు. అవతలి వాళ్ళు ఎంతమందిని ఎక్కిస్తే మనమూ అంతమందిని ఎక్కించాలి, లేకపోతే రేపు రాజీ దగ్గర బరువు తగ్గుతుంది. పదకొండు రాశాక మా పెదనాన్న వేళ్ళు మడిచి చూసుకున్నాడు.

"పదకొండేనా? వాళ్ళు మన మీద పన్నెండు మందిని పెట్టారంట. ఒరేయ్, ఇంకొకడెవడన్నా ఉంటే చెప్పండిరా."

గోడకు చేరగిలబడ్డ ఒకాయన అన్నాడు. "ఆ రెంటచింతల సినిమా హాల్లో బొమ్మేసేవాడు లేడూ? వాడి పెదనాన్న కొడుకు వాళ్ళ వైపే గదా."

"రాయి" అన్నాడు మా పెదనాన్న.

రాశాను. వాడు అక్కడ ఉన్నాడా అని అడగలేదు. ఆ మనిషి నల్లగా ఉంటాడా తెల్లగా ఉంటాడా కూడా తెలియదు. సరిగ్గా ఆ గంటకు ఆయన రెండామడల అవతల మూడొందల మందికి మ్యాట్నీ చూపిస్తున్నాడు. కుదురుగా, కొట్టివేతలు లేకుండా పన్నెండో పేరు రాసి, కింద గీత గీశాను.

కేసు కొన్నేళ్ళు నడిచి, చివరికి రెండు వైపులా రాజీపడి కొట్టేయించుకున్నారు. చెయ్యి విరిగినాయనా, విరగ్గొట్టినాయనా ఒకే లారీలో మిర్చి బస్తాలు వేసుకుని గుంటూరు వెళ్ళారు. నేను మర్చిపోయాను. స్టేషన్లో రిజిస్టరు మర్చిపోలేదు.

చాలా ఏళ్ళకు మా అమ్మాయికి సంబంధం చూస్తున్నప్పుడు మధ్యవర్తి వచ్చి చెప్పాడు. "కుర్రోడు బంగారం. తండ్రి అంతకన్నా మంచోడు, సినిమా హాల్లో పని. ఏదో పాత కేసులో పేరుందంట, ఎవడో గిట్టనోడు రాసిపెట్టాడంట. అది తప్ప మచ్చ లేదు." సినిమా హాలు, పాత కేసు అనగానే నేను రాసిన పన్నెండో పేరు గుర్తొచ్చింది. సంబంధం మాత్రం ఒప్పుకున్నాను. మంచి సంబంధం కాబట్టి ఒప్పుకున్నానని మా ఆవిడతో అన్నాను. అది సగం నిజం.

ఆ తర్వాత మా బావగారికి నేనే ప్లీడర్ని. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయన నోటీసు తెస్తాడు, నేను అర్జీ రాస్తాను. లిస్టులోంచి పేరు తీసెయ్యమని కలెక్టరు దాకా ఎన్ని రాశానో లెక్కలేదు. పౌరుడి స్వేచ్ఛ గురించి ఆ అర్జీల్లో నేను రాసిన వాక్యాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకే గర్వంగా ఉంటుంది, వెంటనే సిగ్గుగానూ ఉంటుంది. ఆయనకు పెద్ద కోరికలేవీ లేవు. "ఒక్కసారన్నా మామూలు మనిషిలా పోయి ఓటేసి రావాలి బావగారూ. ముందురోజు ఎవరికీ మాటివ్వకుండా" అనేవాడు. అంతే ఆయన అడిగింది.

ఒకసారి తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద ఇద్దరం వరసలో పిలుపు కోసం కూర్చున్నాం. చుట్టూ తెల్లచొక్కాల్లో ముసలి బైండోవర్లు, ఒకాయనకు ఊతకర్ర, ఒకాయనకు కళ్ళు కనిపించవు. వీళ్ళంతా రేపు శాంతిభద్రతలకు భంగం కలిగిస్తారని ప్రభుత్వ భయం. బావగారు మరమరాల పొట్లం విప్పి నా వైపు జరిపాడు.

"ఆ రాసినోడు బతికుంటే ఒకసారి చూడాలనుంది బావగారూ."

"దేనికి?"

"కొట్టటానిక్కాదులే. నా పేరు వాడికి ఎట్టా తెలిసిందో అడగాలి. నేను ఆ ఊరు మొహం కూడా చూడలేదు అప్పటికి."

ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది అప్పుడు దానంతటదే బయటికి వచ్చింది. "మీ పేరు నాకు తెలియదు. వాళ్ళు చెప్పారు, నేను రాశాను."

ఆయన నమలడం ఆపాడు. పొట్లం మూతి మెల్లగా మడిచాడు, చాలాసార్లు మడిచాడు. లోపల్నుంచి ఆయన పేరు పిలిచారు. లేచి వెళ్ళి సంతకం పెట్టి, నా వైపు చూడకుండా వేరే ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. నెల తిరక్కముందే మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, మీ పేరెత్తితే మామయ్య లేచి పోతున్నారు. ఏం చేశారేంది ఆయన్ని?"

మర్నాడే స్టేషనుకు వెళ్ళి, పన్నెండో పేరు అబద్ధమని, రాసింది నేనేనని కాగితం ఇచ్చాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు. రెండుసార్లు చదివి వెనక్కి ఇచ్చేశాడు. "ఇది తీసుకుంటే మీ మీద కేసు కట్టాలి పెద్దాయనా. పైగా ఆ పాత ఫైలు చెదలు తినేసింది. లేని ఫైల్లోంచి పేరెట్టా తీసేది?" ఫైలు లేదు, లిస్టు ఉంది. పాత లిస్టు చూసి కొత్త లిస్టు రాస్తారు. ఆ మాటకొస్తే నేను చేసిందీ అదే. ఎవరో చెబితే రాశాను. తిట్టుకుంటూ బయటికి వచ్చి, ఎవరిని తిట్టాలో తెలియక బస్సు ఎక్కాను.

ఆయన నాతో మళ్ళీ మాట్లాడింది తర్వాతి ఎన్నికలకే. ఫోనులో నమస్కారం కూడా లేదు. "నోటీసొచ్చింది. నేను రాళ్ళేశానని రాసింది మీరే గదా, వెయ్యనని కూడా మీరే రాయండి. రేపు పదింటికి జామీనుకి రండి." వెళ్ళాను. "ఈయన నడవడికకు నేను పూచీ" అని అదే ముత్యాల చేతిరాతతో రాశాను. బావగారు కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చూశాడు. "రాత చానా బాగుంది. అప్పుడు కూడా ఇంత బాగా రాశారా?" అన్నాడు. క్షమించాడని నేను అనుకోను. అప్పటినుంచి ప్రతి ఎన్నికకూ నేనే జామీను. ప్రతిసారీ ఆ ప్రశ్న అడిగేవాడు.

ఆయన చివరి రోజుల్లో టీవీలో మా ప్రాంతం మీద తీసిన సినిమా ఏదో వచ్చింది. కత్తులు, గాల్లోకి లేచే బండ్లు. మా అల్లుడు ఇలాంటివి నిషేధించాలని ఎగిరాడు. నేను వద్దన్నాను. నాకు నచ్చనిది చూడను, అంతే. నేనేం చూడాలో కూడా ప్రభుత్వమే లిస్టు రాయడం మొదలుపెడితే ఇక ఆగదు. మంచం మీదినుంచి బావగారు ఒకే మాట అన్నాడు. "అన్ని కత్తులు ఊపుతున్నారు, ఒక్కడన్నా బైండోవర్‌కి పోడే!"

ఆ ఎల్లుండి నిన్న. మరణ ధ్రువపత్రం, దాని జిరాక్సులు మూడు, రాసిన అర్జీ పట్టుకుని అదే మెట్ల మీద కూర్చున్నాను. లోపల గుమాస్తా అమ్మాయి ధ్రువపత్రం అటూ ఇటూ తిప్పి చూసింది. "పంపిస్తామండీ. కానీ తీసెయ్యడం మా చేతుల్లో లేదు. ఎక్కించడం వరకే." ఎంత నిజం చెప్పిందో ఆ పిల్లకు తెలియదు. అది నాకన్నా బాగా ఎవరికి తెలుసు? నా అర్జీ తీసుకుని, "రాత బాగుంది తాతగారూ" అంది.

మళ్ళీ మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాక బంట్రోతు తలుపు దగ్గరికి వచ్చి లిస్టు వరసలో పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. బావగారి పేరు వచ్చింది. ఒకసారి పిలిచాడు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. మూడోసారి పిలిచేలోపు నేను లేచి నిలబడ్డాను.

"మీరేనా?" అన్నాడు.

"ఆయన తరఫున" అన్నాను.

పాతికేళ్ళ వయసులో మా పెదనాన్న అరుగు మీద నేను ఒక్క నిమిషంలో రాసిన పేరు అది. ఆ నిమిషం ఇంకా అయిపోలేదు.