మా అత్త నమ్మిన గ్రామసభ

మా మేనత్త పోయిందని లక్సెట్టిపేట నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. గుండెపోటట. ముందురోజే నాతో "ఫికర్ జెయ్యకు, నేను మంచిగనే ఉన్న" అన్న మనిషి. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు.

అత్త ఒక స్వచ్ఛంద సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసింది. చుట్టుపక్కల పల్లెల్లో గ్రామసభలు సరిగ్గా జరిగేలా చూడటం ఆమె పని. ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టేది. చివర్లో "ఇంకెవరన్న మాట్లాడేదుందా?" అని అడిగి, ఊరికే నిలబడేది. అధికారులు ఫోన్లు చూసుకునేవారు, సర్పంచ్ దగ్గేవాడు. అత్త కదిలేది కాదు. "ఆగుండ్రి సార్, గరీబోళ్ల మాట జర ఆలస్యంగ బయటికొస్తది" అనేది. నిజంగానే ఏ మూల నుంచో ఒక ముసలామె కొంగు సర్దుకుంటూ లేచేది. అడిగాక జవాబు కోసం ఆగాలని నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అలాంటి మనిషిని సొంత ఊరి సభే దెబ్బతీసింది. వాగులో ఇసుక తీయడానికి అధికారులు ఊరి ఒప్పుదల అడిగారు. ఇళ్లు కట్టుకునేవాళ్ల కోసం, ట్రాక్టర్లతో కొంచెమేనన్నారు. బావులన్నిటికీ ఆ వాగే ఆధారం కాబట్టి జనం వెనకాడారు. అప్పుడు అత్తే లేచింది. "ఒప్పుకుందాం. ఎక్కువ తీస్తే మల్ల సభ పెట్టి ఆపుదాం. సభ మన చేతులనే ఉంటది గద!" ఆమె మాట మీద అందరూ సరేనన్నారు.

ట్రాక్టర్లు పోయి లారీలు వచ్చాయి. మళ్లీ సభ పెట్టమని అత్త అడిగితే ఎవరూ పెట్టలేదు. సంస్థ పెద్దాయన కూడా "అమ్మా, ఆఫీసోళ్లతోని మన ప్రాజెక్టు నడుస్తాంది. జర గమ్మునుండు" అన్నాడు. అత్త ఆ రోజే పని మానేసింది. ఒంటరిగా ఇంటింటికీ తిరిగింది. మంచినీళ్లిచ్చారు గానీ వెంట ఎవరూ రాలేదు. ఒకామె తన ఎండిన బావి చూపించి, "నువ్వే ఒప్పుకోమంటివి గదక్కా" అన్నదట. ఆ సంగతి చెబుతూ అత్త ఏడ్చింది. "నా మాట నమ్మిండ్రే బిడ్డా, గదే పానం తీస్తాంది."

చావుకు సంస్థ వాళ్లు పెద్ద దండ తెచ్చారు. 'ప్రజల గొంతు' అని ఫ్లెక్సీ కూడా కట్టించారు. నాకు ఒళ్లు మండి మొహం తిప్పుకున్నాను.

అస్థికలు గోదావరికి తీసుకుపోదామని బంధువులన్నారు. తన ఊరి వాగులోనే కలపమని అమ్మ చెప్పిందంటూ అత్త కొడుకు, మా బావ, పట్టుబట్టాడు. వాగులో పారే నీళ్లు లేవు. లారీలకు ఇసుక తవ్వగా పడిన గుంతలో నిలిచిన నీళ్లలోనే కలిపాము. బూడిద ఎటూ పోక అక్కడే తేలింది. గట్టు మీద ఒక లారీ డ్రైవర్ ఇంజన్ ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేము పైకెక్కాక, లారీని మెల్లగా కిందికి దించాడు.