వెనక నడిచే మనిషి

పోయినవాటిని ముందు చెబుతాను. పిల్లల నడకలకు నన్ను పిలిచే పదహారు బళ్లలో పద్నాలుగు పోయాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర తూకాలు రాసే ఉద్యోగం అంతకు ముందే, నేనే వదులుకుంటే పోయింది. ఒక బైనాక్యులర్ వాగులో పడిపోయింది. ఎడమ మోకాలికి సగం బలం పోయింది. ఆదివారాలు పోయాయి. ఎప్పుడూ కొండలోనే ఉంటానని చుట్టాలు పెళ్లిళ్లకు పిలవడం కూడా మానేశారు. అన్నిటికంటే పెద్ద నష్టం, నా వెనక నడిచే మనిషి పోయాడు.

బడిపిల్లలను అడవిదారిలో నడిపించి చెట్టూ పిట్టా రాయీ చూపించడం నా పని. చదివింది ఇంటర్ వరకే. చెట్ల పేర్లు ఫారెస్టు వాచర్లనూ మేకలు కాసేవాళ్లనూ అడిగి నేర్చుకున్నాను. నీడను కొలిచి చెట్టు ఎత్తు లెక్క కట్టడం సొంతంగా పట్టుబడింది. ఈ పనికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ముందు నడిచేవాడు దారి చూస్తాడు. వెనక నడిచేవాడు ఏ పిల్లనూ తనకంటే వెనకపడనివ్వడు. నా స్నేహితుడు తొమ్మిదేళ్లు అలా నా వెనక నడిచాడు.

ఒకరోజు టీ అంగడి దగ్గర చెప్పాడు.

"తిరుచానూరులో లాడ్జి కౌంటర్లో కూర్చోమంటా ఉండారప్పా. నెల జీతం."

"మరి నడకలు?"

"తొమ్మిదేండ్లుగా నేను సూసింది పిల్లోళ్ల చెప్పులేనబ్బా. పిట్టలన్నీ ముందర నీకే. లాడ్జిలో మొగాలన్నా సూస్తా."

ఇద్దరం నవ్వాం. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు. ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

జీతమిచ్చి ఇంకొకరిని పెట్టుకునే స్తోమత నాకు లేదు. వెనక నడవడానికి ఒక టీచరును పంపమని బళ్లనే అడిగాను. చాలా బళ్లు కుదరదన్నాయి. చిరుతలంటే భయం కొంత, మార్కుల తొందర కొంత. పిల్లలను నడకకు పంపే బడి చివరికి చిత్తూరులో ఒక్కటే మిగిలింది. ఈసారి బాగా జరిగితే ఏటా రెండు తరగతులు పంపుతామనీ, లేదంటే నీళ్లాట పార్కుకు తీసుకెళ్తామనీ హెడ్మాస్టరమ్మ దాచకుండా చెప్పారు.

నడకకు ముందురోజు దారి చూసి రావాలి. కార్వేటినగరం అవతల కొండల్లో, వానలు పడితే సన్నగా దూకే నీళ్లున్నాయి. ఒక్కణ్ణే వెళ్లాను. మధ్యాహ్నం బండమీద కూర్చుని పులిహోర పొట్లం విప్పాను. పొట్లం ఒకటే తెచ్చుకోవడం ఇంకా కొత్తగానే ఉంది.

మరునాడు ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై ఎనిమిది మంది వచ్చారు. వెంట డ్రిల్లు మాస్టరు. ఆయనకు వెనక నడవమని రెండుసార్లు చెప్పాను.

"నడవండి సార్, నేనుండా కదా," అన్నాడు.

రెండోసారి ఆగినచోట తలలు లెక్కపెట్టాను. పిల్లలందరూ ఉన్నారు. మాస్టరు లేడు.

"బస్సు కాడనే నిలబడిపోయినాడు సార్," అంది క్లాసు లీడరు. "ఫోనొచ్చింది."

నా ఫోనుకు సిగ్నలు లేదు. కాసేపు చూశాం. ఆయన రాలేదు. అక్కణ్ణుంచి దారి పొదల్లో పడి సన్నబడుతుంది, రెండుచోట్ల చీలుతుంది. ముందు నడిచేవాడికి చివరివాళ్లు కనిపించరు.

"నీళ్ల సద్దు ఈడికే ఇనపడతా ఉండాది సార్," అన్నాడొక పిల్లవాడు.

"నేను వెనకుంటా సార్," అంది లీడరు. "ఒక్కర్ని కూడా వదల్ను."

వదలదని నాకూ తెలుసు. కానీ ఆ పిల్ల వెనక ఎవరుంటారు? ఆమెను కూడా లెక్కపెట్టి ఇంటికి చేర్చవలసినవాణ్ణి నేను. వెనక్కి తిరిగితే ఈ బడి కూడా పోతుందని తెలిసే, తిరిగి వెళ్దామన్నాను.

"సారుకు చిరుత భయం రా," అన్నాడు ఇంకొకడు.

"ఔనబ్బా, భయమే," అన్నాను. "మిగతా దారి ఇంకోసారి చూపిస్తా."

"ఎప్పుడు సార్?"

"ఈ వానలు పోయేలోపల."

బస్సుదాకా దిగే దారి బయలుగా, తిన్నగా ఉంటుంది. అందరినీ ముందు పంపి నేను వెనక నడిచాను.

"అప్పుడే దిగినారే సార్," అన్నాడు డ్రిల్లు మాస్టరు. "నేనింకా టీ కూడా తాగలా."

హెడ్మాస్టరమ్మ అంతా విన్నారు. "మీరు చేసింది తప్పనను. కానీ అంతదూరం పోయి నీళ్లు చూడకుండా వచ్చినారేమని ఇండ్లల్లో అడగతా ఉండారు," అన్నారు. ఇంకొక్క రోజు ఇమ్మని అడిగాను. పరీక్షలున్నాయన్నారు. మరుసటి ఏడాది పిల్లలు పార్కుకు వెళ్లారు.

ఇప్పుడు రెండు బళ్లు పిలుస్తాయి, తరగతి గదిలో విత్తనాలు చూపించి మాట్లాడమని. బల్లమీద పెడతాను, చూస్తారు, గంట కొడతారు.

ఆ ముప్పై ఎనిమిది మందీ ఈపాటికి కాలేజీల్లో ఉండాలి. ఒక్క పూట చూసిన మనిషిని, వీధిలో ఎదురైతే గుర్తుపట్టరు. నేనూ లీడరును తప్ప ఎవరినీ గుర్తుపట్టలేను. వానలు పడ్డాక ప్రతి ఏడూ ఒక్కణ్ణే ఆ కొండకు వెళ్తాను. మేం వెనక్కి తిరిగిన చోటు నుంచి నీళ్లదాకా కొలిచాను. ఆరువందల నలభై అడుగులు. పిల్లల అడుగుతో అయితే ఇంకా ఎక్కువే పడుతుంది, కానీ వాళ్లు నా అంత పెరిగి ఉంటారు కాబట్టి నా అడుగుతోనే లెక్క కట్టాను. తిరుగుదారి కలపలేదు. ముప్పై ఎనిమిది మందికీ కలిపి, ఈ రోజుకు బాకీ ఇరవై నాలుగు వేల మూడువందల ఇరవై అడుగులు.